బొమ్మ లేని ‘డాక్టర్ హూ’

నటుడు నికొలస్ బ్రిగ్స్ ఒక్కడే మైకు ముందు నిలబడి, బ్రిటిష్ టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’లో డాక్టర్‌కు శత్రువులైన డాలెక్‌ల దళం మొత్తాన్ని ఆడిస్తాడు. ఒకటి ఆజ్ఞ ఇస్తుంది, ఇంకొకటి ఎదురు తిరుగుతుంది, మూడోది భయంతో కీచుమంటుంది. మూడూ ఒకే గొంతులోంచి వచ్చాయంటే కొత్తగా వినేవాళ్లు నమ్మరు. గొంతును సుమారు 30 హెర్ట్జ్ కంపనంతో కలిపి ముక్కలు చేసే రింగ్ మాడ్యులేటర్ దీనికి సాధనం. 1963 చివర్లో బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్ వాళ్లు తొలి డాలెక్‌ల కోసం వాడిన చిట్కానే ఇది. ఆ యంత్రాన్ని డబ్బుంటే ఎవరైనా కొనుక్కోవచ్చు. ఏ అక్షరాన్ని సాగదీయాలో, కోపం ఏ మాట దగ్గర పగలాలో తెలిసిన నటుడు మాత్రం బజార్లో దొరకడు. 2005లో ‘డాక్టర్ హూ’ టీవీలో మళ్లీ మొదలైనప్పుడు డాలెక్‌లకు గొంతివ్వడానికి బీబీసీ ఈయన్నే పిలిచింది. ఆ గొంతు అప్పటికే శ్రవ్య నాటకాల్లో పండి ఉంది.

ఆ శ్రవ్య నాటకాల సంస్థ పేరు బిగ్ ఫినిష్. చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1963 నవంబరు 23న మొదలైన సీరియల్‌ను బీబీసీ 1989లో ఆపేసింది. 1996లో ఒక టీవీ సినిమా వచ్చింది, అంతటితో సరి. అభిమానులు మాత్రం ఊరుకోలేదు. 1980ల్లోనే ‘ఆడియో విజువల్స్’ పేరుతో సొంతంగా నాటకాలు రికార్డు చేసి క్యాసెట్లలో పంచుకునేవారు. అందులో డాక్టర్ వేషం ఎక్కువగా బ్రిగ్స్‌దే. ఆ కుర్రాళ్లే పెద్దవాళ్లయి, అధికారిక అనుమతి సంపాదించి, 1999 జులైలో ‘ది సైరెన్స్ ఆఫ్ టైమ్’ విడుదల చేశారు. పీటర్ డేవిసన్, కోలిన్ బేకర్, సిల్వెస్టర్ మెకాయ్, టీవీలో వేర్వేరు కాలాల్లో డాక్టర్ పాత్ర వేసిన ఈ ముగ్గురూ అందులో ఉన్నారు.

ఇది టీవీ నాటకంలోంచి బొమ్మ తీసేసిన సరుకు కాదు. మనకు రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం అలవాటే. సినిమా సౌండ్‌ట్రాక్‌ను కుదించి వేస్తూ, బొమ్మలో మాత్రమే జరిగిన చోట వ్యాఖ్యాత వచ్చి సంగతి చెప్పేవాడు. ‘డాక్టర్ హూ’కీ అలాంటివి ఉన్నాయి. పాత ఎపిసోడ్లు 90కి పైగా పోయాయి. కానీ అప్పట్లో అభిమానులు ఇళ్లలో టీవీ పక్కన టేప్ రికార్డరు పెట్టుకున్న పుణ్యాన వాటి శబ్దం మొత్తం మిగిలింది. ఆ టేపులకు వ్యాఖ్యానం జోడించి విడుదల చేశారు. వాటిని భక్తితో వింటాం, నిజమే. బిగ్ ఫినిష్ మంచి నాటకం ఆ జాతిది కాదు. అది పుట్టడమే చెవి కోసం పుట్టింది.

ఆ పనితనం ఎక్కడుంది? ముందు రచనలో. కంటితో చూడాల్సిన దాన్ని నోటితో చెప్పించడం ఈ కళలో మహాపాపం. “అయ్యో, నీ కుడిచేతిలో అంత పెద్ద తుపాకీ ఎందుకు?” అని ఏ పాత్రా అనకూడదు. “అది కింద పెట్టు” అని తగ్గుస్వరంలో అంటే చాలు. ఒక క్షణం మౌనం, తర్వాత బల్ల మీద లోహం తగిలిన చప్పుడు. తుపాకీ మనకు కనిపించింది. తర్వాత నటుల ఎంపిక. ఒకే రకం గొంతులు రెండు ఉంటే కథ చిక్కుపడుతుంది కాబట్టి ముఖాలను కాదు, స్వరాలను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. రికార్డింగులో సాధారణంగా ఒక్కో నటుడిని ఒక్కో అద్దాల గదిలో నిలబెడతారు. ఒకరినొకరు చూసుకుంటూ, హెడ్‌ఫోన్లలో వింటూ నటిస్తారు. అలా ప్రతి గొంతూ విడిగా చేతికొస్తుంది. సౌండ్ డిజైనర్ దాన్ని ఎడమకో కుడికో, దగ్గరికో దూరానికో జరిపి గదినీ గుహనీ అంతరిక్ష నౌకనీ కట్టుకుంటాడు. ఆలిస్టర్ లాక్ లాంటివాళ్లు తొలి నాటకాల్లో చేసిన పని ఇదే. తాళంచెవితో పియానో తీగను గీకి డాక్టర్ కాలనౌక టార్డిస్ చప్పుడు పుట్టించిన బ్రయన్ హాడ్జ్‌సన్‌కు వీళ్లు అసలైన వారసులు.

ఇక రచయిత రాబర్ట్ షియర్మన్ సంగతికొస్తే నేను నిష్పక్షపాతంగా ఉండలేను. 2002లో వచ్చిన ‘ది చైమ్స్ ఆఫ్ మిడ్‌నైట్’ వినండి. 1906లో క్రిస్మస్ ముందు రాత్రి, ఒక గొప్పింటి నౌకర్లు ఉండే కింది అంతస్తు. గంట కొట్టినప్పుడల్లా ఒకరు చనిపోతుంటారు. గిన్నెలు తోమే పిల్ల చావును ఎవరూ పట్టించుకోరు. వంటమ్మ చేసే ప్లమ్ పుడ్డింగ్ గురించి ఒకే మాటను అందరూ తిప్పి తిప్పి అంటుంటారు. మొదటిసారి నవ్వొస్తుంది, నాలుగోసారికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. పాల్ మెక్‌గాన్, ఇండియా ఫిషర్ ఇందులో డాక్టర్, చార్లీ. మరుసటి ఏడాది అదే ఇద్దరితో షియర్మన్ ‘స్కెర్జో’ రాశాడు. నాటకం మొత్తానికి నటులు ఆ ఇద్దరే. కళ్లు కనిపించవు, చుట్టూ అద్దం, వాళ్లతో పాటు శబ్దమే శరీరంగా బతికే ఒక ప్రాణి. దీన్ని టీవీలో తీసి చూపించమనండి, చూద్దాం!

మార్క్ ప్లాట్ రాసిన ‘స్పేర్ పార్ట్స్’ (2002) ఇంకో శిఖరం. మాండాస్ గ్రహం మీద జనం భూగర్భ నగరంలో చలికి చచ్చిపోతూ, బతకడానికి కొంచెం కొంచెంగా సైబర్‌మెన్‌గా మారుతుంటారు. హార్ట్‌లీ కుటుంబంలోని అమ్మాయి ఇవోన్‌ను పట్టుకుపోయి సగం యంత్రంగా మార్చేస్తారు. ఆమె ఇంటికి తిరిగొస్తుంది. గుమ్మంలో నిలబడ్డ ఆ వస్తువు తన కూతురేనని తండ్రి పోల్చుకునే ఘట్టంలో తెలిసేది ఒక్కటే. లోహపు గొంతులో ఇంకా మిగిలిన పిల్ల స్వరం. నాకు తెలిసి టీవీ సీరియల్ తన మొత్తం చరిత్రలో సైబర్‌మెన్‌తో ఇంత ఏడిపించలేదు. ఆ సంగతి టీవీవాళ్లకూ తెలుసు. 2006లో సైబర్‌మెన్ కథ తీసినప్పుడు పేర్లలో ప్లాట్‌కు కృతజ్ఞత చెప్పారు. 2005 నాటి ‘డాలెక్’ ఎపిసోడ్‌ను షియర్మన్ తన ‘జూబిలీ’ నాటకంలోంచే తీర్చిదిద్దాడు. ఎవరు ఎవరి పిల్లో ఇక చెప్పక్కర్లేదు.

కోలిన్ బేకర్‌కు జరిగిన న్యాయం మరో ఎత్తు. టీవీలో ఆరో డాక్టర్‌గా చేసిన ఆయన్ని 1986లో బీబీసీ తీసేసింది. రంగురంగుల అతుకుల కోటు తొడిగి, నాసిరకం కథలిచ్చి, తప్పంతా నటుడి నెత్తిన రుద్దారు. శ్రవ్య నాటకంలో ఆ దిక్కుమాలిన కోటు కనిపించదు! మిగిలింది ఆ కంచుగొంతు, ఆ వెటకారం, దాని వెనక దాచుకున్న దయ. 2000లో ఆయనకు జతగా ఎవెలిన్ స్మైత్ అనే చరిత్ర అధ్యాపకురాలిని జాక్వెలిన్ రేనర్ సృష్టించింది. యాభై దాటిన మనిషి, కోకో ప్రియురాలు, డాక్టర్ అరిస్తే తిరిగి అరిచే ధైర్యం కలది. ఆ పాత్ర వేసిన మ్యాగీ స్టేబుల్స్ 2014లో పోయింది. టీవీ అలాంటి వయసు స్త్రీని అన్నేళ్ల పాటు డాక్టర్ పక్కన ఎన్నడూ నిలపలేదు.

1996 టీవీ సినిమాలో డాక్టర్‌గా ఒక్క రాత్రి కనిపించి మాయమైన మెక్‌గాన్‌కు పూర్తి జీవితం ఇచ్చిందీ ఇక్కడే. 2013లో ఏడు నిమిషాల చిన్న ఎపిసోడ్‌లో ఆయన తెర మీదికి తిరిగొచ్చి, చనిపోయే ముందు చార్లీ, క్రిజ్, లూసీ, టాంసిన్, మోలీ అని తన తోటివాళ్ల పేర్లు తలుచుకున్నాడు. అయిదుగురూ శ్రవ్య నాటకాల మనుషులే. ఆ రోజు ఈ కళను నమ్ముకున్నవాళ్లం ఎంత పొంగిపోయామో!

అందుకే ఇప్పుడు కడుపు మండుతోంది. నెలనెలా వచ్చే ప్రధాన శ్రేణిని 275 నాటకాల తర్వాత 2021 మార్చిలో ముగించారు. వాటి స్థానంలో పెట్టెలు (బాక్స్ సెట్లు) వచ్చాయి. ఒక్కో పెట్టెలో ఎక్కువగా గంట నిడివి కథలు. నాలుగు భాగాల నాటకంలో మూడుసార్లు ఊపిరి బిగబట్టించే ఆగుడు ఉండేది, పాత్రలకు కూర్చుని మాట్లాడుకునే తీరిక ఉండేది. గంట కథలో పరుగే పరుగు. టీవీలో అర నిమిషం మెరిసిన ప్రతి పాత్రకూ ఒక విడి శ్రేణి! పాత జ్ఞాపకాలు అమ్మడం తేలిక, కొత్త ‘స్కెర్జో’ రాయించడం కష్టం. కరోనా కాలంలో నటులు ఇళ్లలో దుప్పట్ల చాటున కూర్చుని రికార్డు చేసినప్పుడు చేతులెత్తి మొక్కాం. కానీ అద్దం అవతల తోటి నటుడి కళ్లు కనిపిస్తే మాటకు వచ్చే పదును వేరు. స్టూడియోలో కలిసి నటించే ఆ పద్ధతిని సౌకర్యం పేరుతో వదులుకోవద్దు.

పోయిన నటుల పాత్రలను వేరేవాళ్లు చేయడం మీద నాకు పేచీ లేదు. ప్యాట్రిక్ ట్రౌటన్ డాక్టర్‌ను ఆయన పాత సహనటుడు ఫ్రేజర్ హైన్స్ పలికిస్తే అందులో స్నేహం వినిపిస్తుంది. తర్వాత కొడుకు మైకేల్ ట్రౌటనే ఆ పాత్ర అందుకున్నాడు. జాన్ పర్ట్‌వీ పాత్రలో టిమ్ ట్రెలోర్ అనుకరించడు, నటిస్తాడు. నా మంటంతా యంత్రం పుట్టించే గొంతుల మీద. చనిపోయినవాళ్ల స్వరాన్ని కంప్యూటరుకు మేపి కొత్త డైలాగులు చెప్పించి, అదే శ్రవ్య నాటకమని అంటగట్టేవాళ్లు బయల్దేరారు. ఊపిరి తీసుకోని గొంతుకు భయం ఎక్కడిది? మన తెలుగు కథలకూ ఇదే గతి పట్టిస్తున్నారు. విషాదానికీ హాస్యానికీ ఒకే సన్నాయి వేసి, ఒత్తులు మింగేసే యంత్రంతో చదివించి వదులుతున్నారు. గొంతు మీద బతికే నటుడి నోటికాడి కూడు తీసే పని ఇది. వినేవాళ్లు డబ్బు పెట్టకపోతేనే ఆగుతుంది.

బిగ్ ఫినిష్ వాళ్లను వేడుకునేది ఒక్కటే. నెలకొకటి కాకపోయినా, ఏడాదికి నాలుగైనా పూర్తి నిడివి నాటకాలు కొత్త రచయితల చేత రాయించండి. ఈలోగా శ్రోతలు కొత్త పెట్టెల జోలికి పోయే ముందు పాత ప్రధాన శ్రేణిలో తొలి 50 నాటకాలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఖర్చు చాలా తక్కువ. ‘చైమ్స్’ 29వది, ‘స్పేర్ పార్ట్స్’ 34వది, ‘జూబిలీ’ 40వది. జాబితాలో ఆరో డాక్టర్ అని చూసి, ఆ పాత కోటు గుర్తొచ్చి, కోలిన్ బేకర్‌ను మాత్రం దాటేయకండి.