ఝాంగ్‌ఝౌ నార్సిసస్: చలికాలపు గడ్డను చెక్కి పూయించే విద్య

చైనా ఆగ్నేయ తీరాన ఫూజియన్ రాష్ట్రంలో, ఝాంగ్‌ఝౌ నగర సమీపంలోని యువాన్‌షాన్ కొండ పాదాన పండే నార్సిసస్ గడ్డలను చలికాలంలో కత్తితో చెక్కి, మట్టి అవసరం లేకుండా కేవలం నీటిలో పెంచి, చాంద్రమాన సంవత్సరాది నాటికి పూయించడం అక్కడివారు తరతరాలుగా కాపాడుకొంటూ వస్తున్న విద్య. ఇక్కడ గడ్డ అంటే ఉల్లిగడ్డలాగా పొరల్లో ఆహారాన్ని దాచుకొని, నడుమ ఆకుల మొలకలనూ పూమొగ్గలనూ పొదువుకొని ఉండే భాగం. వృక్షశాస్త్ర పరిభాషలో దీన్ని లశునం అంటారు. చైనీయులు షుయ్‌షియన్ అని పిలిచే ఈ మొక్క నార్సిసస్ టజెట్టా జాతికి చెందినది. ఉర్దూ గజళ్లలో కన్నులకు ఉపమానంగా వచ్చే నర్గిస్ పువ్వు దీనికి దగ్గరి చుట్టమే. దీని పుట్టిల్లు మధ్యధరా ప్రాంతమనీ, టాంగ్ వంశపు కాలానికి చైనా చేరి ఉంటుందనీ పండితుల అభిప్రాయం. సోంగ్ యుగపు కవి హువాంగ్ టింగ్‌జియన్ (1045–1105) దీనిపై కవితలు రాశాడు. 13వ శతాబ్దిలో ఝావో మెంగ్‌జియన్ సిరాతో చిత్రించిన నార్సిసస్ పూల పొడవాటి చుట్ట న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

ఈ సంప్రదాయాన్ని అర్థం చేసుకోవడానికి ముందుగా తెలియవలసింది, ఈ మొక్క గింజ కట్టదన్న సంగతి. దీని కణాల్లో క్రోమోసోముల సమితులు రెండు కాక మూడు ఉంటాయి. మొత్తం 30 క్రోమోసోములుండే ఈ స్థితిని త్రయస్థితికం అంటారు. మూడు సమితులు సమంగా జతకూడలేవు కనుక సారవంతమైన బీజకణాలు ఏర్పడవు, పువ్వు ఎంత పరిమళించినా కాయ పండదు. తల్లిగడ్డ పక్కన పుట్టే పిల్లగడ్డలే దాని సంతతి. వాటిని ఏటేటా విడదీసి నాటే చేతులు ఉన్నందువల్లనే ఈ మొక్క ఊరూరూ దాటి ఇన్ని శతాబ్దాలు నిలిచింది కాబట్టి, ఇక్కడ పెంపకపు విద్యనూ మొక్కనూ వేరువేరుగా చూడడం సాధ్యం కాదు.

బజారులో కనిపించే పెద్ద గడ్డ వెనుక మూడేళ్ల సేద్యం ఉంటుంది. శరదృతువు చివర నాటిన పిల్లగడ్డలు చలికాలమంతా పెరిగి, ఎండలు ముదిరి ఆకులు ఎండిపోయాక నేల నుంచి బయటికి వస్తాయి. వాటిని ఆరబెట్టి, వేసవి అంతా నిద్రావస్థలో ఉంచి, మళ్లీ నాటుతారు. పైకి నిద్రలా కనిపించే ఆ వేడి నెలల్లోనే గడ్డ లోపల పూమొగ్గ రూపు దిద్దుకొంటుందన్నది గమనించదగినది. వరి పండే పల్లపు నేలల్లోనే ఎత్తు మడులు కట్టి, మడుల మధ్య కాలువల్లో నీరు నిలిపి, మడిపై పరచిన వరిగడ్డి కొనలు కాలువలోకి వేలాడేటట్లు చేస్తారు. ఆ గడ్డి నీటిని పీల్చి పైకి తెస్తూ మడిని తేమగా ఉంచుతుంది. మూడో ఏడు నాటే ముందు చేసే పని మరింత నేర్పుతో కూడినది: గడ్డ పక్కలను సన్నగా కోసి, లోపల రెండు వైపులా ఉన్న పక్కమొలకలను తొలగించి, నడిమి మొలకను మాత్రం గాయపడకుండా వదులుతారు. ఆహారమంతా ఆ ఒక్కదానికే చేరడం వల్ల గడ్డ బాగా ఊరి, ఎక్కువ పూకాడలు వేస్తుంది. పూర్వం నిర్ణీత పరిమాణం గల బుట్టలో ఎన్ని పడతాయన్న లెక్కతో గడ్డల తరగతి నిర్ణయించేవారు. బుట్టకు 20 పట్టేవి మేలైనవి, 30 పట్టేవి ఆ తరువాతివి.

అసలు చెక్కడం పండుగకు సుమారు నెల ముందు మొదలవుతుంది. గోధుమరంగు పైపొరనూ, ఎండిన వేళ్లనూ, అడుగున అంటిన మట్టినీ తీసివేశాక, మొలక కొన ఏ వైపుకు వంగి ఉన్నదో చూసి ఆ వైపును ముఖంగా నిర్ణయిస్తారు. వేళ్లు పుట్టే గట్టి అడుగుకు దాదాపు ఒక సెంటీమీటరు పైన అడ్డంగా గాటు పెట్టి, ముందు సగంలోని పొరలను ఒక్కొక్కటిగా ఒలిచివేస్తూ పోతే లేత పసుపు రంగు మొలకలు బయటపడతాయి. వెనుక సగాన్ని మాత్రం వాటికి ఆధారంగానూ ఆహారంగానూ అలాగే ఉంచుతారు. తరువాత ప్రతి మొలకలోనూ ఆకు అంచును ఒక పక్కన, వెడల్పులో మూడో వంతు వరకు, కొన నుంచి మొదలు దాకా చెక్కివేస్తారు. కోసిన పక్క కణాలు దెబ్బతిని నెమ్మదిగా పెరుగుతాయి, కోయని పక్క మామూలు వేగంతో సాగుతుంది. ఆ తేడా వల్ల ఆకు గాయం వైపుకు మెలి తిరుగుతుంది. పూకాడ మొదట్లో పలుచగా గీరితే కాడ కూడా ఆ దిక్కుకే వంగుతుంది. ఇలా పీతకాళ్ల వలె వంపులు తిరిగిన ఆకులు గల రూపానికే పీతగోళ్ల నార్సిసస్ అని పేరు. పూలబుట్ట, టీ కూజా వంటి రూపాలు కూడా ఈ సూత్రం మీదనే తయారవుతాయి. చెక్కేవాడు ఆకారాన్ని నేరుగా మలచడు, పెరుగుదల ఎటు మందగించాలో నిర్ణయించి మిగిలిన పనిని మొక్కకు అప్పగిస్తాడు. ఈ కళలోని గొప్పతనమంతా ఈ దూరదృష్టిలోనే ఉంది. పూగుత్తిని కప్పి ఉన్న పలుచని తొడుగుకు కత్తిమొన తగిలి లోపలి మొగ్గ చెడిందా, ఆ కాడ ఇక పూయదు.

చెక్కిన గడ్డను కోసిన ముఖం కిందికి ఉండేటట్లు ఒక రోజు నీటిలో నానబెట్టి, గాయాల నుంచి ఊరే జిగురును శుభ్రంగా కడగాలి, లేకపోతే కోతలు నల్లబడి కుళ్లుతాయి. ఆ జిగురులో సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉండడం వల్ల చేతులకు దురద పుడుతుంది. గడ్డలో లైకోరిన్ అనే విషపదార్థం కూడా ఉంది కనుక దాన్ని వంటింటి ఉల్లిగడ్డల దగ్గర ఉంచకూడదు. తరువాత ముఖాన్ని పైకి తిప్పి, లోతు తక్కువ పింగాణీ పళ్లెంలో గులకరాళ్ల నడుమ నిలిపి, కోతల మీదా వేళ్ల మీదా తడి దూది కప్పి, రెండు మూడు రోజులు నీడలో ఉంచాక ఎండకు మారుస్తారు. నీటిని రోజూ మార్చాలి. ఎండ చాలకపోయినా గది వెచ్చగా ఉన్నా ఆకులు బలహీనంగా సాగి వాలిపోతాయి కనుక, కొందరు రాత్రిళ్లు నీరు వంపివేసి ఉదయం మళ్లీ పోస్తారు. అన్నిటికన్నా కష్టమైనది తిథికి అందించడం: సంవత్సరాది జనవరి 21 నుంచి ఫిబ్రవరి 20 లోపు ఎప్పుడైనా రావచ్చు కనుక, ఆ ఏటి చలిని అంచనా వేసి చెక్కే రోజును నిర్ణయిస్తారు, మొగ్గలు వెనకబడితే గోరువెచ్చని నీరూ ఎండా ఇస్తారు, తొందరపడితే చల్లని నీడకు తరలిస్తారు.

ఈ పువ్వు ఆ సమాజంలో ఎంత లోతుగా పాతుకొన్నదో చింగ్ యుగపు రచయిత లీ యూ (1611–1680) రచనల్లో కనిపిస్తుంది. సంవత్సరాది ఖర్చులకే డబ్బు లేని ఏట, ఈ ఒక్కసారికి పువ్వు మానుకొమ్మని ఇంటివారు చెప్పినా వినక, ఒక ఏటి పువ్వును వదులుకోవడం కన్నా ఆయుష్షులో ఒక ఏడు తగ్గడమే మేలని వాదించి, ఆడవారి నగలు తాకట్టు పెట్టించి కొన్నట్లు ఆయన స్వయంగా రాసుకొన్నాడు. చైనా నుంచి వలస వెళ్లినవారు కూడా ఈ గడ్డను విడువలేదు. హోనొలులులోని చైనీయులు 1950లో ఆరంభించిన సంవత్సరాది ఉత్సవానికి నార్సిసస్ పేరే పెట్టుకొన్నారు.

పళ్లెంలో పూసిన గడ్డ తన నిల్వనంతా ఖర్చు చేసుకొంటుంది. కోతలు పడిన ఆ గడ్డ మరుసటి ఏడు పూయదు, పూలు వాడగానే పారవేస్తారు. వచ్చే సంవత్సరాదికి కావలసిన గడ్డలు అప్పటికే యువాన్‌షాన్ పొలాల్లో పెరుగుతూ ఉంటాయి, ఆ తరువాతి ఏటివి వాటి పక్క మడుల్లో పిల్లగడ్డలుగా ఉంటాయి.