ఈడిపసు దోషమేమి? ఆంగ్ల పాఠశాలలయందు గ్రీకు విషాదరూపకము

ఏథెన్సు నగరమున క్రీస్తుపూర్వము 5వ శతాబ్దియందు డయోనిససు దేవుని వసంతోత్సవమునకై రచింపబడిన విషాదరూపకములను నేడు గ్రీకుభాషలో నొక్క యక్షరమైన నెరుగని బాలబాలికలు ఆంగ్లపాఠముగా చదువుచున్నారు. అమెరికాదేశపు ఉన్నతపాఠశాలలలో నిది పాతుకొనిన యాచారము. అచ్చటి పెక్కు రాష్ట్రములు అంగీకరించిన కామన్ కోర్ ప్రమాణములు 2010లో వెలువడినప్పుడు, 9, 10 తరగతులకు తగిన నాటకములకు మాదిరులుగా చూపినవానిలో సోఫోక్లీసు రచించిన 'ఈడిపసు రాజు' చేరియున్నది. షేక్స్పియరు 'మాక్బెత్తు', ఇబ్సెను 'బొమ్మరిల్లు' దాని ప్రక్కనే కలవు. రెండువేల నాలుగువందల యేండ్లనాటి కృతి పదునైదేండ్ల బాలుని చేతికి వచ్చుట సంతోషింపదగినదే. కాని యా బాలుడు దానినుండి గ్రహించున దేమి యన్నది విచారింపవలసియున్నది.

తరగతిలో మొదట వినవచ్చు ప్రశ్న యొకటే: నాయకుని దోషమేమి? దానికి సిద్ధముగా నున్న సమాధానము అహంకారము, కాదన్నచో కోపము. మాక్బెత్తునకు రాజ్యకాంక్ష, ఒథెల్లోకు అనుమానము, ఆంటిగొనీకి మొండిపట్టు. ఇట్లు ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క మాట చీటివ్రాసి కట్టుదురు. ఉపాధ్యాయునకు ప్రశ్న సులభము, విద్యార్థికి సమాధానము సులభము, పరీక్షకునకు మార్కులు వేయుట సులభము. నాటకము మాత్రము మిగులదు.

ఈ పద్ధతికి మూలము అరిస్టాటిలని చెప్పుదురు. ఆయన కావ్యశాస్త్రమున 13వ ప్రకరణమునందు, విషాదనాయకుడు మిక్కిలి ధర్మాత్ముడును గాక, దుర్మార్గుడును గాక, నడిమివాడై యుండవలెననియు, దుర్గుణముచేత గాక 'హమార్తియా' చేత పతనము నొందవలెననియు చెప్పెను. ఉదాహరణముగా పేర్కొన్నవారిలో ఈడిపసు మొదటివాడు. ఆ మాటకు ధాతువైన క్రియను హోమరు విసరిన యీటె గురి తప్పిన సందర్భములలో వాడియున్నాడు. అనగా నది పొరపాటు. స్వభావమునందలి మచ్చ కాదు. దుర్గుణముచేత గాదని యదే వాక్యమున ఆచార్యుడు స్పష్టముగా చెప్పియుండగా, దానిని దుర్గుణముగానే బోధించుట వింతలలో వింత. కాని యీ వింతకు కారణము లేకపోలేదు. క్రైస్తవుల క్రొత్తనిబంధన గ్రీకుభాషలో రచింపబడినది. అందు పాపమునకు వాడినమాట యిదియే. పాపమను నర్థము వినివిని యలవాటుపడిన చెవి, అరిస్టాటిలు మాటలో గూడ దానినే వినినది. పిమ్మట 1904లో బ్రాడ్లీ పండితుడు షేక్స్పియరు విషాదములపై ప్రకటించిన యుపన్యాసములలో నాయకుని పతనమునకు వాని స్వభావమునందే మూలము వెదకెను. షేక్స్పియరునకు కొంతవరకు సరిపడిన కొలబద్దను పాఠశాలలు గ్రీకులకును పట్టించినవి. అరిస్టాటిలు కావ్యశాస్త్రము ఈడిపసు నాటకమునకు సుమారు నూరేండ్ల తరువాతిదను సంగతియు మరువరాదు. సోఫోక్లీసు ఆ సూత్రమును చూచి వ్రాసినవాడు కాడు.

తెలుగు చదువరులకు ఈ భేదము దశరథుని కథవలన తేటపడును. సరయూతీరమున చీకటిలో కడవ నిండు సవ్వడి విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి, ఆయన శబ్దవేధి బాణము విడిచెను. బాణము గురి తప్పలేదు. గురి యని తా ననుకొన్నదే తప్పినది. వేటమీది మక్కువ దశరథుని దోషమని చెప్పి యూరకుండువాడు ఆ కథ విన్నవాడు కాడు. మునికుమారుని గుండెలో నాటిన బాణమును పెరుకుటకు వంగినవాని స్థితి, ఆ తలిదండ్రుల కుండలో నీరు తాను మోసికొనిపోవలసివచ్చినవాని స్థితి, మక్కువ యను మాటలో నిముడునా?

ఇక నాటకమునే సాక్ష్యమడుగవలెను. కోరింతులో నొక విందునందు త్రాగినవా డొకడు, నీవు నీ తండ్రికొడుకవు కావని యీడిపసును ఎత్తిపొడిచెను. నిజము తెలిసికొనుటకై యాతడు డెల్ఫీకి పోయెను. దేవుడు అడిగినదానికి బదులీయక, తండ్రిని చంపి తల్లిని పెండ్లాడుదువని చెప్పెను. ఆ మాట విని యాతడు కోరింతు మొగము చూడరాదని నిశ్చయించుకొనెను. ఇది యహంకారమా? తలిదండ్రులను కాపాడవలెనను ధర్మబుద్ధి. మూడుత్రోవలు కలియుచోట బండివారు త్రోసివేయగా, బండిలోని ముసలివాడు ములుకోలతో నెత్తిమీద కొట్టగా, ఆతడు తిరుగబడి వారిని చంపెను. ఇందు కోపము లేదనరాదు. కాని కోపము నరహత్యకు కారణము కావచ్చును. పితృహత్యకు కారణము కానేరదు. చచ్చినవాడు తండ్రియగుట కోపమువలన గాదు, తెలియమివలన.

మరియొక సంగతి. నాటకము మొదలగునప్పటికి ఈ ఘోరములన్నియు జరిగి యేండ్లు గడచినవి; నలుగురు బిడ్డలును కలిగిరి. రంగమున నీడిపసు చేయున దెల్ల వెదకుట. నగరము మహమారిచే నశించుచుండగా క్రేయానును డెల్ఫీకి పంపుట, అంధుడైన టైరీసియసు ప్రవక్తను పిలిపించుట, ముసలి గొఱ్ఱెలకాపరిని తెప్పించుట, ఇవియే వాని చేతలు. ప్రవక్త చెప్పననెను, భార్య అడుగవలదని బ్రతిమాలెను, కాపరి ఇక చాలునని వేడుకొనెను. ఆతడు విడువలేదు. ప్రవక్తపై మండిపడినమాట నిజము, క్రేయానును అన్యాయముగా శంకించినమాటయు నిజము. కాని వాని నెంతటి శాంతునిగా మార్చినను జరిగినది జరుగక మానదు. మారున దొక్కటే: వెదకుట మానియుండిన సత్యము వెలువడకుండెడిది, నగరము చచ్చుచునే యుండెడిది. వానిని కూల్చినది వాని గొప్పతనమే యని బాలురకు చెప్పుటకు ఉపాధ్యాయులు ఏల సంకోచింతురో తెలియదు. బహుశః అట్టి సమాధానమునకు మార్కులు వేయుట కష్టము కాబోలు.

ఈ జాడ్యము చిన్న పాఠశాలలకే పరిమితము కాదు. ఆక్స్ఫర్డులో గ్రీకు ఆచార్యుడుగా నుండిన ఇ. ఆర్. డాడ్సు, తాను దిద్దిన పరీక్షాపత్రములను ఆధారముగా గొని, 1966లో 'గ్రీస్ అండ్ రోమ్' పత్రికయం దొక వ్యాసము ప్రకటించెను. ఈ నాటకము దేవతల న్యాయమును సమర్థించుచున్నదా యను ప్రశ్నకు విద్యార్థు లిచ్చిన సమాధానములను ఆయన మూడు తెగలుగా విభజించెను: ఈడిపసు చెడ్డవాడు గాన శిక్షింపబడెననువారు, విధి చేతిలో బొమ్మ యనువారు, సోఫోక్లీసు కేవలము కళాకారుడు, దేవతల న్యాయాన్యాయములతో నాతనికి పనిలేదనువారు. గ్రీకుమూలమును చదివినవారే ఇట్లు వ్రాసిరనగా, అనువాదముతో సరిపెట్టుకొను బాలుర ననవలసిన దేమి?

రెండవ తెగవారి మాట భారతీయ పాఠకులను సులభముగా లోబరచుకొనును. వ్రాత తప్పదనుట మనకు పుట్టుకతో వచ్చిన మాట. కాని సోఫోక్లీసు నాటకమున పూర్వజన్మము లేదు, కర్మఫలమును లేదు. ఏస్కిలసు నాటకమున లేయసునకు వచ్చిన దైవవాణి సంతానము కనకుండిన నగరము నిలుచునను షరతుతో గూడినది. సోఫోక్లీసు ఆ షరతును తొలగించెను. తండ్రితప్పు కొడుకునకు తగిలెనని చెప్పుటకు గూడ చోటుంచలేదు. దేవుడు జరుగబోవునది చెప్పెను. చేయుమని యెవ్వరిని త్రోయలేదు. కన్నులు పొడుచుకొన్న పిమ్మట ఈడిపసు పలికిన పలుకులలో ఈ రెండును విడివిడిగా నున్నవి: కష్టములు తెచ్చినవాడు అపోలో, పొడిచిన చేయి మాత్రము తనది.

అయిన నేరము లేనివాడు వెలివేయబడనేల? ఇచ్చట ఆంగ్లోపాధ్యాయునకు లేని సదుపాయము తెలుగువానికి కలదు. నాటకారంభమున డెల్ఫీనుండి వచ్చిన యాజ్ఞ, హంతకునివలన దేశమునకు సోకిన 'మియాస్మా'ను వెడలగొట్టుమని. దీనిని ఆంగ్లమున చెప్పు మాట నేటి బాలునకు కర్మాగారముల పొగను, నదిలోని మురికిని స్ఫురింపజేయును. తెలుగున దీనిని మైల యనవచ్చును. బిడ్డ పుట్టిన యింట పురుడు, మరణము సంభవించిన యింట మైల. ఇందెవ్వరి నేరమును లేదు, అయినను ముట్టుకొనరాదు. సోఫోక్లీసు తన కడపటి నాటకమైన 'కొలోనసు నందలి ఈడిపసు'లో ఈ భేదమును కన్నులకు కట్టినట్లు చూపెను. అందు వృద్ధుడైన ఈడిపసు, తాను తెలియక చేసితిననియు, ధర్మమునుబట్టి తాను నిర్దోషి ననియు గట్టిగా వాదించును. అదే నాటకమున, తన కుమార్తెలను రక్షించి తెచ్చిన థీస్యూసు చేయి పట్టుకొనగోరి, చాచిన చేతిని వెనుకకు తీసికొనును. తన మైల ఆతనికి అంటునని. నిర్దోషియు వాడే, అంటరాని మైల గలవాడును వాడే. దోషమేమి యని యొక్క ప్రశ్న యడుగుటకు మారు, నేరము కలదా, మైల కలదా యని రెండు ప్రశ్నలు వేరువేరుగా నడిగినచో, తరగతిలో అహంకారమను మాట వినబడుట దానంతట తగ్గును.

చదివించు విధమును గూర్చియు కొంత చెప్పవలెను. కథాంతమును దాచి బాలురను ఆశ్చర్యపరచజూచుట నిష్ప్రయోజనము. ఏథెన్సు ప్రేక్షకులు కథ నెరిగియే వచ్చిరి. ఏమి జరుగునో యని గాక, ఎవరి కెప్పుడు తెలియునో యని వారు చూచిరి. ఇందుకు కోరింతు దూత వచ్చు ఘట్టమును మించినది లేదు. అంతకు ముందే జొకాస్టా రాణి భర్తకు ధైర్యము చెప్పబోయి, తన పసిబిడ్డను చీలమండలు కట్టి కొండపై పారవేయించితిమనియు, లేయసు మూడుత్రోవలు కలియుచోట చచ్చెననియు ఒక్క ప్రసంగముననే చెప్పియున్నది. ఈడిపసు త్రోవల మాట పట్టుకొని, చీలమండల మాట విడిచివేసెను; వాని పేరునకే వాచిన పాదములవాడని యర్థము! ఇప్పుడు దూత, వానిని భయమునుండి విడిపింపవలెనను మంచి తలపుతోనే, నీవు పాలిబసు కొడుకవు కావు, సిథీరను కొండపై నొక కాపరి నిన్ను నాచేతి కిచ్చెను, నీ చీలమండలు గ్రుచ్చియుండగా నేనే విడిపించితిని అని చెప్పును. పురుషులిద్దరును మాటలాడుచుండగా జొకాస్టా రంగముననే యుండి యొక్క మాటయు పలుకదు. ఈడిపసు తనవైపు తిరిగి యడుగువరకును ఆమెది మౌనమే. పుస్తకమున మౌనము కనబడదు. అచ్చట ఆమె పేరే లేదు. కావున తరగతిలో నొక బాలికను జొకాస్టాగా నిలువబెట్టి, తక్కినవారు చదువుచుండగా, ఏ వాక్యముకడ ఆమెకు తెలిసినదో గుర్తింపుమని యెల్లరను అడుగవలెను. కొండపేరు చెప్పినప్పుడా, చీలమండలకడనా, కాపరి లేయసువాడని తేలినప్పుడా? బాలురు తగవులాడుదురు, తగవులాటలో నాటకమును చదువుదురు.

నటుల సంఖ్యను గూడ ఇచ్చటనే చెప్పవచ్చును. గ్రీకురంగమున మాటలాడు నటులు ముగ్గురే. ఒక్కొక్కరు ముఖకవచములు మార్చుకొని పెక్కుపాత్రలను ధరించెడివారు. ఈ ఘట్టమున ఈడిపసు, జొకాస్టా, దూత కలరు. జొకాస్టా లోనికి పోయిన పిమ్మట మేళమువారొక పాట పాడుదురు. అంతట గొఱ్ఱెలకాపరి ప్రవేశించును. ఈడిపసును దూతయు రంగము విడువరు గనుక, కాపరిగా రాదగినవాడు జొకాస్టాగా నటించినవాడే. బిడ్డను చంపుమని యిచ్చిన తల్లియు, చంపలేక మరియొకని కిచ్చిన సేవకుడును ఒక్క గొంతుకతోనే పలికిరి. ప్రేక్షకులు దీనిని గమనించిరో లేదో గాని, తరగతిలో చదువు బాలికచేతనే రెండుపాత్రలును చదివించుటకు ఖర్చేమియు లేదు.

మేళముయొక్క పాటలను దాటవేయుట పాఠశాలలయందు సామాన్యము. యేట్సు కవి 1926లో డబ్లిను నగరపు ఆబీ నాటకశాలకై చేసిన యనువాదమున వానిని కుదించెను గాని, అది రంగమునకై చేసినపని. పాఠమునకు మేలుబంతి కాదు. సోఫోక్లీసు మూడు థీబ్సు నాటకములను ఒకే సంపుటమున గట్టి యిచ్చుటవలనను ఒక చిక్కు కలదు: బాలురు వానిని ఒక కథయొక్క మూడుభాగములని తలతురు. ఆంటిగొనీ సుమారు క్రీ. పూ. 441 నాటిది, కొలోనసు నాటకము కవి మరణానంతరము 401లో ప్రదర్శితమైనది. నడుమ నలువదేండ్లు. మూడింటిలోని క్రేయానులు ముగ్గురు వేరువేరు మనుష్యులు.

కడపటి ఘట్టమునందే గొప్ప పొరపాటు జరుగుచున్నది. ఈడిపసు దేశమునుండి వెళ్లగొట్టబడెనని విద్యార్థులు వ్రాయుదురు. నాటకమున నట్లు లేదు. తన్ను వెడలగొట్టుమని యాతడే వేడుకొనును. దేవుని యాజ్ఞ మరల తెలిసికొనవలెనని క్రేయాను వాయిదా వేయును. ఆ తరువాత మేళమువారి నోట వచ్చు నీతివాక్యములు సోఫోక్లీసువి కావేమో యని పలువురు పండితులు సందేహించిరి. వానినే నాటకసారముగా బోధించువారును కలరు. అంతకు ముందు జరిగినది వేరు. అంధుడైన తండ్రి చిన్నబిడ్డలైన కుమార్తెలను ఇద్దరిని పట్టుకొనియుండును. విడువుమని క్రేయాను చెప్పును. వీరిని నాయొద్దనుండి తీసికొనవలదని తండ్రి యనును. అన్నిట నీమాటయే చెల్లవలెనన్న చెల్లదని క్రేయాను బదులు చెప్పి, బిడ్డలను విడిపించి, వానిని ఆ యింటిలోనికే నడిపించుకొనిపోవును.