పద్దుకెక్కని పని

ఉద్యోగ విరమణ జరిగిన వారంలోనే ఒక నోటుపుస్తకం కొని, మా ఇద్దరికీ నెలకు కనీసం ఎంత ఉంటే సరిపోతుందో లెక్క వేయడం మొదలుపెట్టాను. బియ్యం, పప్పు, పాలు, కరెంటు, మందులు... తేలిన మొత్తం నేననుకున్నదానికంటే తక్కువే. సంతోషంగా తీసుకెళ్ళి మా ఆవిడకు చూపించాను. ఆమె అంతా చదివి, "పనిమనిషిని మానిపించారు, బాగానే ఉంది. ఆ పని ఇకమీదట ఎవరు చేస్తారో రాయలేదేం?" అంది.

ఆ ప్రశ్న మనసులో మెదులుతుండగానే తోరో 'వాల్డెన్' మళ్ళీ చేతికి తీసుకున్నాను. కాలేజీ రోజుల్లో దాని మొదటి అధ్యాయం, ఖర్చుల లెక్కలున్నది, విసుగనిపించి దాటేశాను. చెరువు వర్ణనలే చదివి మురిసిపోయాను. ఈసారి ఆ అధ్యాయం దగ్గరే ఆగిపోయాను.

హెన్రీ డేవిడ్ తోరో అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రపు కాంకర్డ్ ఊరివాడు. 1845 జులై 4న ఊరికి దాపునే ఉన్న వాల్డెన్ చెరువు ఒడ్డున తాను కట్టుకున్న గుడిసెలో కాపురం పెట్టి, 1847 సెప్టెంబరు 6 వరకు ఉన్నాడు. పుస్తకం 1854లో వెలువడింది. పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు ఉన్న ఆ గుడిసెకైన ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. ఎనిమిది నెలల తిండికి 8 డాలర్ల 74 సెంట్లు. అందులో బియ్యానికి 1 డాలరు డెబ్బైమూడున్నర సెంట్లు. భారతీయ తత్త్వాన్ని ప్రేమించే తనకు అన్నమే తగిన ఆహారమని చమత్కరించాడు కూడా. ఏడాదిలో ఆరు వారాలు ఒళ్ళు వంచి పనిచేస్తే తక్కిన కాలమంతా మనదేనని తేల్చాడు.

ఈ లెక్కలే ఈ పుస్తకానికి బలం అంటాను. నిరాడంబరత గురించి ఉపన్యసించేవారు ఎందరో ఉన్నారు గాని, తమ పద్దును అరసెంటుతో సహా బయటపెట్టినవారు అరుదు. పద్దు చూపించాడు కాబట్టే మనం దాన్ని తనిఖీ చేయగలుగుతున్నాం.

తనిఖీ చేస్తే ఏం కనిపిస్తుంది? స్థలం స్నేహితుడు ఎమర్సన్‌ది. చెట్లు నరికిన గొడ్డలి ఎరువు తెచ్చుకున్నది. పదును పెట్టి తిరిగి ఇచ్చాడనుకోండి. గుడిసె పలకలు జేమ్స్ కాలిన్స్ అనే ఐర్లండు వలసకూలీ ఇంటివి. రైలుమార్గం పనిచేసే ఆ కూలీ దగ్గర ఆ ఇంటిని నాలుగుంబావు డాలర్లకు కొని, పీకి తెచ్చుకున్నాడు. తెల్లవారుజామునే ఇల్లు వదిలి, ఉన్నదంతా ఒక మూటలో కట్టుకుని వెళుతున్న ఆ కుటుంబం దారిలో తనకు ఎదురైందని తోరోయే రాశాడు. వాళ్ళ పిల్లి మాత్రం వెనక చిక్కిపోయి, అడవిపాలై చచ్చిపోయింది. తక్కువతో బతకడం ఆ కుటుంబానికి ప్రయోగం కాదు. వాళ్ళ పద్దు ఎవరూ రాయలేదు. మరో అధ్యాయంలో, పెళ్ళాం బిడ్డలున్న జాన్ ఫీల్డ్ అనే ఇంకో ఐర్లండు కూలీకి టీ, కాఫీ, వెన్న, మాంసం మానేస్తే ఇంత చాకిరీ అక్కర్లేదని తోరో హితవు చెబుతాడు. ఒంటరివాడి లెక్కను సంసారి నెత్తిన రుద్దే ఆ పేజీలు నాకు మింగుడుపడలేదు.

అయితే పద్దులోనే ఒకచోట, బట్టల ఉతుకు, కుట్టు పని చాలావరకు బయట జరిగిందనీ, వాటి బిల్లులు ఇంకా అందలేదనీ ఒక ముక్క ఉంది. ఎవరు ఉతికారో చెప్పడు. చూసీచూడనట్టు రాసిన ఆ ముక్కే పుస్తకం మొత్తంలో అత్యంత నిజాయితీ గలదని నాకనిపిస్తుంది. అది లేకపోతే ఈ తనిఖీ మనకు తోచేదే కాదు.

మా తంజావూరికి దగ్గరలోనే తిరువయ్యారు. తోరో గుడిసెలో ఉన్న రోజుల్లోనే, 1847 జనవరి 6న, త్యాగరాజస్వామి అక్కడ సిద్ధి పొందారు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలు లేదు. రాజుగారి కానుకలు కాదని స్వామివారు కళ్యాణి రాగంలో కీర్తన పాడారని చెబుతారు. ఉంఛవృత్తితో, వీధుల్లో పాడుతూ నడిచి, గృహస్థులు వేసిన బియ్యంతో బతికారంటారు. ఇక్కడ పద్దు లేదు గాని, అప్పు దాపరికం లేకుండా ఉంది. పదిమంది గడపల ముందు నిలబడితేనే పూట గడుస్తుందని పాత్ర పట్టుకున్న చేతికి రోజూ తెలుస్తుంది. తోరో స్వావలంబన కంటే ఇది నిక్కమైన దారి అని ఒకప్పుడు వాదించేవాణ్ణి. ఇప్పుడు అంత ధైర్యం లేదు. ఆ బియ్యం తెచ్చి వేసిన ఆడవాళ్ళెవరో, శిష్యులందరికీ అది వండి వార్చినవారి రోజు ఎలా గడిచేదో మన చరిత్రలు చెప్పవు. తోరో ఆ ఒక్క ముక్కయినా రాశాడు.

కాబట్టి ఆ మొదటి అధ్యాయాన్ని దాటేయవద్దని పాఠకులకు నా మనవి. పెన్సిలు పట్టుకుని చదవండి. ఎంత తక్కువతో బతకవచ్చు అన్న ప్రశ్న పక్కనే, ఎవరి చాకిరీ మీద అన్న ప్రశ్న కూడా రాసుకోండి. అలా చదివితే పుస్తకం చిన్నబోదు.

మా నోటుపుస్తకంలో మొత్తం కొంచెం పెరిగింది. పనిమనిషి మళ్ళీ వస్తోంది. ఉతికిన బట్టలు ఆరేయడం మాత్రం నా వంతు.