గడుల క్రమం తెలిసిన చేతులు

1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ రాసిన వ్యాసం సమాచారాన్ని పట్టికలుగా విడగొట్టి దాచుకునే దారి చూపింది. విడగొట్టిన దాన్ని మనిషి కళ్ల ముందు మళ్లీ ఒక్కటిగా నిలబెట్టే పని స్క్రీన్ గీసేవాళ్లది. ఆ పనితనమంటే నాకు ఎంతో గౌరవం.

డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌తో వచ్చిన నార్త్‌విండ్ అనే నమూనా డేటాబేస్‌లో ఆర్డర్ ఫారం చూడండి. పైన కొనుగోలుదారు, తేదీ. కింద సబ్‌ఫారంలో, అంటే ఫారం లోపలి ఫారంలో, సరుకుల వరుసలు. పట్టికలు వేరు, వాటిని కలిపేది ఆర్డర్ నంబరు. వాడేవాళ్లకు కనిపించేది ఒక్క బిల్లే. జాబితాలో సరుకు పేరు ఎంచుకుంటే పట్టికలో చేరేది దాని సంఖ్య. ఆ సంఖ్యను ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ట్యాబ్ మీట క్రమం. కౌంటర్ దగ్గర క్యూ పెరుగుతుంటే ఎంట్రీ చేసే ఆమె చూపు కాగితం మీదే ఉంటుంది. కాగితంలో గడులు ఏ వరుసలో ఉంటే కర్సర్ కూడా ఆ వరుసలోనే నడవాలి. ఒక్క గడి అటూఇటూ అయినా చెయ్యి మౌస్ కోసం వెతుక్కుంటుంది, ఎంట్రీ తప్పుతుంది. మంచి డిజైనర్లు ముందు ఆమె పక్కన కూర్చుని చూస్తారు, తర్వాతే గీస్తారు.

వేగం సంగతీ ఉంది. ఫారం తెరవగానే లక్ష రికార్డులు లాగకుండా అడిగిన ఒక్కటే తెస్తే నెట్‌వర్క్ మీద భారం తగ్గుతుంది. వెనక ట్యాబుల్లోని సబ్‌ఫారాలు ఎవరైనా నొక్కినప్పుడు నిండితే చాలు. వేల పేర్ల డ్రాప్‌డౌన్ కంటే మూడక్షరాలు కొట్టాక తెరుచుకునే జాబితా మేలు. వెతికే గడికి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వీలిచ్చే సూచిక) ఉందా అని కూడా స్క్రీన్ గీసేవాళ్లే అడగాలని నా అభిప్రాయం.