తెర మీద రెండు భాషలు, తెర అడుగున ఒకటే

సినిమాకు దృశ్యమే భాష గనుక సబ్‌టైటిళ్లు కేవలం సాంకేతిక విషయమని అనేవారున్నారు. ఇది పొరపాటని సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబేన్ (1923–2007) చిత్రాలు రుజువు చేస్తున్నాయి.

సెంబేన్ మార్సేయ్ రేవులో కూలిపని చేసినవాడు. కార్మికోద్యమంలో తయారైన రచయిత. ఫ్రెంచిలో నవలలు రాశాడు. కాని యే ప్రజల బతుకు రాశాడో ఆ ప్రజలలో అధికులు వాటిని చదవలేరు. అందుకే సినిమా పట్టాడు. 1968లో "మందబి"ని వోలోఫ్ భాషలో తీశాడు. ఫ్రెంచి ప్రభుత్వ నిధి తీసుకున్నందువల్ల ఆ చిత్రాన్నే ఫ్రెంచిలోనూ తీయవలసి వచ్చింది. పారిస్‌లోని మేనల్లుడు పంపిన సొమ్ము కోసం చదువురాని ఇబ్రహీమా డాకర్ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మోసపోవడమే కథ.

ఆ పేరే చూడండి. "మందా" అనే ఫ్రెంచి మాట వోలోఫ్ నోట పడి "మందబి" అయింది. మన పల్లెల్లో "మనియార్డరు" పుట్టినట్టే. పరాయి పాలన, తపాలా ఆఫీసు, వలసపోయిన కుర్రవాడు – యీ చరిత్ర అంతా ఆ మాటలో వున్నది. ఇంగ్లీషు పేరు "ది మనీ ఆర్డర్"లో సొమ్ము మిగిలింది, చరిత్ర పోయింది.

"హాలా" (1975)లో చిక్కు యింకా పెద్దది. వ్యాపారి ఎల్ హాజీ ఫ్రెంచిలో మాట్లాడితే కూతురు రామా పట్టుబట్టి వోలోఫ్‌లో జవాబిస్తుంది. కడపట, తోటి వ్యాపారులు తనను వెలివేసే సభలో అతడే వోలోఫ్‌లో మాట్లాడబోతే వాళ్లు ఒప్పుకోరు. భాషే యిక్కడ వర్గం. కాని అడుగున ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే చదివేవాడికి తండ్రీ కూతురూ ఒకే భాష మాట్లాడుతున్నట్టుంటుంది. తండ్రి కోపగించి ఆ సంగతి బయటపెట్టేదాకా జరుగుతున్న పోరాటం అతనికి కనపడదు.

తప్పంతా అనువాదకుడిది కాదు. రెండు పంక్తుల జాగాలో, కొద్ది క్షణాలలో పని ముగించాలి. ముందుగా రాలిపోయేవి సామెతలు, దీవెనలు, వరస పిలుపులు. అయినా చేయగలిగినవి లేకపోలేదు. ఫ్రెంచి సంభాషణను వేరే అచ్చులో చూపవచ్చు. ఫ్రెంచి ప్రతి నుంచి గాక వోలోఫ్ నుంచే అనువదించవచ్చు. మన ఫిల్మ్ సొసైటీలు కూడా చిత్రం వేసేముందు యెవరు యే భాషలో మాట్లాడతారో ప్రేక్షకులకు రెండు మాటల్లో చెప్పవచ్చు.

ఇబ్రహీమా చదవలేక మోసపోయాడు. చదవగలిగిన మనం వినడం మానేసి మోసపోకూడదు.