బంతిలో సరే, కుర్చీలో?

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో పల్నాటి వీరారాధన ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. మందపోరునాడు చాపకూడు పెడతారు. కులం అడగకుండా అందరూ ఒకే బంతిలో కూర్చుని తింటారు. 12వ శతాబ్దంలోనే బ్రహ్మనాయుడు ఈ పద్ధతి పెట్టాడని పల్నాడంతా చెప్పుకుంటుంది.

ఆ బంతిలో కూర్చోవడం నాకెంతో ఇష్టం. ఒకసారి వేడి అన్నం కలపలేక అవస్థ పడుతుంటే పక్కనున్న పెద్దాయన "కాస్త వెడల్పుగా పరుచుకో నాయనా, చల్లారుద్ది" అన్నాడు. నేనెవరినో ఆయన అడగలేదు, ఆయనెవరో నేనూ అడగలేదు.

అయినా, బ్రహ్మనాయుడు చేసిన వాటిలో చాపకూడుకన్నా పెద్దపని ఇంకొకటుందని నా నమ్మకం. మాలల ఇంట పుట్టిన కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనానిని చేశాడని వీరగాథ చెబుతుంది. పక్కన కూర్చుని తినడం ఒక్కపూటతో అయిపోతుంది. సేనాని మాట మాత్రం రోజూ వినాలి. ఆయన ఆగమంటే పెద్ద కులాల వీరులూ ఆగాలి, కదలమంటే కదలాలి. మన పక్కవాడని ఒప్పుకున్నంత తేలిగ్గా మన పైవాడని ఒప్పుకోలేం.

పల్నాటి యుద్ధంలో బ్రహ్మనాయుడికి అవతలి పక్షాన నిలిచిన నాగమ్మదీ ఇదే కథ. గురజాలలో నలగామరాజు కొలువున మంత్రిగా చక్రం తిప్పింది. మంత్రాంగం మగవాడు నడిపితే రాజనీతి అన్నాం, ఆమె నడిపితే జిత్తులు అన్నాం. ఈనాటికీ గయ్యాళి ఆడదాన్ని తిట్టాలంటే ఆమె పేరే గుర్తొస్తుంది.

ఇప్పటి పంచాయతీల్లోనూ ఇదే తీరు. 1992లో వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో ఎస్సీ, ఎస్టీలకూ ఆడవాళ్లకూ సర్పంచి కుర్చీ దక్కింది. పెత్తనం మాత్రం చాలాచోట్ల పాత చేతుల్లోనే ఉంది. సంతకం మహిళా సర్పంచిది, మాట భర్తది. పదవి ఎస్సీ సర్పంచిది, నిర్ణయం ఊరి పెద్దది. పండగనాడు కలిసి తిన్న ఊళ్లే మర్నాడు ఆ సర్పంచిని పక్కనబెట్టి పెద్దింటి అరుగు దగ్గరికి పోతే, ఆ తిన్న కూటికి అర్థం లేదు.

ఈసారి చాపకూడుకు తప్పకుండా వెళ్లండి. తర్వాత మీ ఊళ్లో పంచాయతీ పని పడితే నేరుగా సర్పంచినే అడగండి. ఆమె మొగుణ్ణో, ఊరి పెద్దనో అడగొద్దు.