ఆదివారం రానివారి మాట: సంఘ పరిశోధనల్లో నమూనా ఎంపిక

శ్రీసిటీ వంటి పారిశ్రామిక ప్రాంతంలో సంఘ జీవితాన్ని గూర్చి పరిశోధించే విద్యార్థికి సులువైన మార్గం ఒకటి ఉంది. ఆదివార ఆరాధన ముగియగానే ప్రశ్నావళి పంచి, జవాబులను శాతాలుగా మార్చి, “ఇక్కడి విశ్వాసులు” అంటూ ముగింపు రాయడం. ఈ పద్ధతిని మేము అంగీకరించలేకపోతున్నాము.

సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో విస్తరించిన శ్రీసిటీలో అనేక కర్మాగారాలు షిఫ్టుల్లో నడుస్తాయి. ఆదివారం పనిలో ఉన్నవారు, రాత్రి షిఫ్టు ముగించి హాస్టల్లో నిద్రిస్తున్నవారు ఆ ప్రశ్నావళిని చూడనే చూడరు. తెలుగు చదవలేని వలస కార్మికులు చూసినా నింపలేరు. దీనినే సౌలభ్య నమూనా అంటారు. నూరుమందికి బదులు ఐదువందలమందిని అదే మందిర ద్వారం వద్ద అడిగినా లోపం తీరదు.

జవాబులోనూ పక్షపాతం చేరుతుంది. నింపిన పత్రం కాపరి చేతికే ఇవ్వవలసివస్తే దశమభాగం గూర్చి ఎందరు నిజం రాస్తారు? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కుల హోదా లేదు. కనుక “మీ మతమేది?” అన్న ప్రశ్న కూడా అతనికి భయం కలిగించవచ్చు.

పేరొందిన పరిశోధనలనూ ఇలాగే పరీక్షించాలి. భారతదేశంలోని క్రైస్తవ సామూహిక ఉద్యమాలపై జె. వాస్కమ్ పికెట్ గ్రంథం 1933లో వెలువడింది. 3,947 మంది చెప్పిన కారణాలలో 34.8 శాతం ఆత్మీయమైనవని అది వర్గీకరించింది. ఆ శ్రమ గొప్పదే. అయితే ఏండ్ల తరువాత గుర్తుచేసుకొని చెప్పిన కారణం, ఆనాటి కారణం ఒకటే కానక్కరలేదు. సంఘాన్ని విడిచినవారిని గూర్చి ఆ శాతం ఏమీ చెప్పదు.

మరి పరిశోధకుడు ఏమి చేయాలి? హాస్టళ్లు, గ్రామాలు, షిఫ్టుల వారీగా జాబితా తయారుచేసి, ప్రతి వర్గం నుండి చీటీలు తీసి ఎంపిక చేయాలి. పేరు లేని పత్రాన్ని మూసిన పెట్టెలో వేయించాలి. జవాబివ్వనివారెందరో కూడా రాయాలి. అంత సాధ్యం కాకపోతే “ఆరాధనకు వచ్చినవారు” అని మాత్రమే రాయాలి.

సంఖ్యాకాండము మొదటి అధ్యాయము 6,03,550 అన్న లెక్క ఇచ్చి ఊరుకోలేదు. వారు ఇరువది ఏండ్లు మొదలుకొని యుద్ధమునకు వెళ్లగల పురుషులని, లేవీయులను లెక్కించలేదని స్పష్టముగా తెలిపింది. మన పరిశోధనలు ఆ పాటి వివరమైనా ఇవ్వాలి. ఏలయనగా వాటిని చదివి కాపరులు పరిచర్యను నిర్ణయించుకుంటారు. లెక్కలో లేని కార్మికురాలి హాస్టల్ తలుపు ఎవరూ తట్టరు.